గ్రహాలు తర్వాత పేల్చొచ్చు, ముందు చార్జింగ్ సంగతి చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సైన్స్ ఫిక్షన్ కథలు వేస్తున్నందుకు ముందు థ్యాంక్స్ చెప్పాలి. తెలుగులో ఇలాంటివి దొరక్క, దొరికినవే తిరగేసి మరగేసి చదువుకునే బ్యాచ్ మాది. కానీ ఒక గొడవ ఉంది, అది మీతో చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు (అసలే నైట్ డ్యూటీ వాణ్ణి, ఉన్న నిద్రే తక్కువ). నాలుగు వారాలుగా వరసగా చూస్తున్నాను. మొదటి వారం కథలో విలన్ దగ్గర ఒక కిరణం ఉంది, దాంతో ఒక ఊరు మాయం. రెండో వారం ఖండం మాయం. మూడో వారం గ్రహం. పోయిన ఆదివారం ఏకంగా సూర్యుణ్ణే ఆర్పేశారు, అదీ మూడో పేరాలోనే. సూర్యుడే పోయాక మిగిలిన పేజీన్నరలో ఏం జరుగుతుందండీ? ఏమీ జరగలేదు. హీరో ఇంకో పెద్ద కిరణం పట్టుకొచ్చాడు, విలన్ పోయాడు, శుభం. వచ్చే వారం ఏం ఆర్పుతారా అని మా సబ్‌స్టేషన్‌లో టీ పందెం వేసుకున్నాం. నేను పాలపుంత మీద వేశాను.

నేను బొబ్బిలి దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. రాత్రిపూట ఫీడర్లన్నీ (ఊళ్లకి కరెంటు తీసుకెళ్లే లైన్లు) బుద్ధిగా ఉంటే గంటకోసారి రీడింగులు రాసుకోవడం, మధ్యలో కథలు చదువుకోవడం, ఇదే మన జీవితం. మా మేనల్లుడు విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడూ ఇలాంటి కథలే రాస్తాడు, రాసిందల్లా ముందు నాకే వాట్సాప్‌లో పంపుతాడు. ఈమధ్య పంపినదాంట్లో విలన్ చేతిలో ఒక తుపాకీ ఉంది. చూడ్డానికి మామూలు పిస్తోలంతే, నొక్కితే గ్రహం పేలిపోతుంది.

"ఏటి మావయ్యా, ఎలాగుంది?" అని ఫోన్ చేశాడు.

"బాగుంది గానీ, దానికి చార్జింగ్ ఎక్కడ పెడతార్రా?" అన్నాను.

"అది ఫ్యూచర్ మావయ్యా. అప్పుడు చార్జింగులుండవు."

"చార్జింగ్ లేకపోతే మరేటుంటాది?"

కాసేపు ఆలోచించి "క్వాంటం" అన్నాడు.

నేను వదల్లేదు. కరెంటోడితో పెట్టుకుంటే అంతే. వాడిచేతే లెక్క కట్టించాను. భూమంత గ్రహాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలు ఒకదాన్నొకటి లాక్కుని మళ్లీ కలిసిపోకుండా దూరంగా విసిరెయ్యాలంటే ఎంత శక్తి కావాలి? సూర్యుడు అన్ని వైపులకీ వెదజల్లేదాన్ని ఒక్క చుక్క పోకుండా దాదాపు వారం రోజులు పోగేస్తే అంత అవుతుంది. సరే, పోగేశారనే అనుకుందాం. ఏ మెషీనూ నూటికి నూరు పాళ్లు పనిచెయ్యదు కదా, మా ట్రాన్స్‌ఫార్మరే వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చడానికి నూనె పోస్తాం, రేడియేటర్లు పెడతాం. ఆ తుపాకీ ఎంత గొప్పదైనా నూటికి ఒక్క వంతు వేడి కింద పోయిందనుకోండి, అంటే సూర్యుడి గంటా నలభై నిమిషాల శక్తి మొత్తం విలన్ అరచేతిలో. గ్రహం కంటే ముందు ఆయనే ఆవిరైపోవాలి. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "నువ్వు కథలు చదవడం మానీ మావయ్యా" అన్నాడు.

నేనేమీ కథలకి సైన్స్ పరీక్ష పెట్టడం లేదు. కల్పన అన్నాక కొంత గాలి కొట్టాలి, ఆ మాత్రం నాకూ తెలుసు. నా బాధ వేరే. చార్జింగ్ అనేది ఉంటే చార్జ్ అయ్యేదాకా ఆగాలి. వేడెక్కితే చల్లారేదాకా ఆగాలి. ఆ ఆగే టైంలోనే భయం పుడుతుంది, అవతలివాడికి అవకాశం దొరుకుతుంది, ఇవతలివాడికి మనసు మారుతుంది. ఏ ఖర్చూ, ఏ ఆలస్యమూ, ఏ లోపమూ లేని ఆయుధం ఒకటి తెచ్చి పెట్టారంటే రచయిత తన పాత్రలందరికీ చేతులారా రిటైర్మెంట్ ఇచ్చేసినట్టే. ఇక వాళ్లు తెలివిగా ఉన్నా, తిక్కగా ఉన్నా, ప్రేమించుకున్నా, మోసం చేసుకున్నా ఒకటే, బటన్ ఎవడు ముందు నొక్కితే వాడిదే కథ.

నిజం ఆయుధాలని చూడండి. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ వాళ్లు 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్లని కూల్చి చూపించారు. 30 కిలోవాట్లంటే మా లెక్కలో 5 హెచ్‌పీ వ్యవసాయ మోటార్లు ఎనిమిది. పొలాల్లో నీళ్లు తోడే ఎనిమిది మోటార్ల బలాన్ని ఒక వెలుతురు పోగులోకి దూర్చి, ఎగిరేదాని మీద ఒకేచోట చెదరకుండా కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి, అప్పుడు కాలుతుంది. పొగమంచు పట్టిందా, వాన పడిందా, దుమ్ము లేచిందా, కిరణం నీరసపడిపోతుంది. ఒకదాన్ని కాలుస్తుంటే పక్కనుంచి ఇరవై వస్తే ఏం చేస్తారు? చూశారా, లోపాలు చెబుతుంటేనే నాలుగు కథలు పుట్టుకొచ్చాయి. సంక్రాంతి ముందు రోజుల్లో మా వైపు తెల్లవారుజామున మంచు పడితే పదడుగుల అవతల మనిషి ఆనడు. అలాంటి పొద్దున ఆ లేజర్ ముందు కూర్చున్న ఆపరేటర్ కథ ఎవరైనా రాస్తే బస్సెక్కి వెళ్లి మరీ కొనుక్కుంటాను.

మనుషులు ఇప్పటిదాకా పేల్చినవాటిల్లో అతి పెద్ద బాంబు సంగతి కూడా ఇలాంటిదే. 1961 అక్టోబరు 30న సోవియట్ వాళ్లు పేల్చారు, 50 మెగాటన్నులు, అంటే ఐదు కోట్ల టన్నుల టీఎన్‌టీ పేలినంత. అసలు 100కి తయారుచేసి సగానికి తగ్గించారు. 27 టన్నుల బరువు, విమానం పొట్టలో పట్టక తలుపులు ఊడదీశారు. తీసుకెళ్లిన విమానం పారిపోవడానికి టైం చాలదని బాంబుకి పెద్ద పారాచూట్ కట్టారు. ఇదంతా చదివాక నా బుర్రలో మిగిలింది మెగాటన్నులు కాదు, ఆ పారాచూట్. అది మెల్లగా దిగుతుంటే వెనక్కి చూడకుండా విమానం నడిపిన మనిషి ఏమనుకుని ఉంటాడు?

మా ఊరి సంగతికి వస్తాను. 1757 జనవరి 24. బుస్సీ దొర ఫ్రెంచి ఫిరంగులు, విజయనగరం రాజావారి సైన్యం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. ఆ రోజుల్లో ఆ ఫిరంగులంటే ఇప్పటి మీ కథల్లో గ్రహాలని పేల్చే కిరణం లాంటివే, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన యుద్ధం. మరి ఇన్నేళ్లుగా జనం ఆ కథని ఎందుకు చెప్పుకుంటున్నారు? చిన్నప్పుడు తీర్థాల్లో బుర్రకథ విన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కథకుడు ఫిరంగుల దగ్గర ఎక్కువసేపు ఆగడు, పక్కవాళ్ల చేత డక్కీల మీద నాలుగు దెబ్బలు కొట్టించి ముందుకెళ్లిపోతాడు. ఆగేది ఎక్కడంటే, కబురు దగ్గర. రాజాంలో ఉన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడికి కబురు అందాలి. అందదు. ఇంకా అందదు. మా నాయనమ్మకి కథంతా నోటికి వచ్చు, చివర ఏం జరుగుతుందో తెలుసు, అయినా ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఎవులైనా బేగి యెల్లండర్రా" అనేది. ఇప్పుడు బొబ్బిలిలో బస్సెక్కితే గంటలోపే రాజాం. ఆ కాస్త దూరంలో ఉంది టెన్షన్ అంతా. ఆయన వచ్చేసరికి కోట బూడిద. తర్వాత విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో దూరి పని ముగించింది బాకుతో. ఫిరంగులు యుద్ధం గెలిచాయి గానీ బుర్రకథ మాత్రం బాకుది, అందని కబురుది. అవతల విజయనగరం వైపు వెళ్లినా అంతే, పైడితల్లమ్మ గురించి చెప్పుకునేటప్పుడు యుద్ధానికి వెళ్లొద్దని అన్న విజయరామరాజుని బతిమాలుకున్న చెల్లెలి మాటే చెప్పుకుంటారు, ఫిరంగి ఎన్ని మణుగులో ఎవరికి కావాలి.

ఆ రాజాం కబురునే ఆకాశంలోకి తీసుకెళ్లండి. వెలుతురుకైనా రేడియోకైనా ఇక్కడి నుంచి అంగారకుడికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, రెండు గ్రహాలూ ఎంత దూరంలో ఉన్నాయన్నదాన్ని బట్టి. 20 నిమిషాల దూరంలో శత్రువు నౌక ఉందనుకుందాం. మీకు కనిపిస్తున్నది 20 నిమిషాల కిందటి నౌక. మీరు వదిలిన కిరణం చేరేసరికి ఇంకో 20. పైగా ఎంత గొప్ప లేజరైనా పోనుపోను వెడల్పవుతుంది, ఇక్కడి నుంచి చంద్రుడి మీదకి వేసినదే అక్కడికెళ్లేసరికి కొన్ని కిలోమీటర్లు పరుచుకుంటుంది. అంటే మీరు గురి పెట్టాల్సింది నౌకకి కాదు, నలభై నిమిషాల్లో ఆ కెప్టెన్ ఎటు తిప్పుతాడో ఆ బుద్ధికి. వాడు భయస్తుడా, మొండివాడా, నిన్న భార్యతో గొడవపడ్డాడా, అన్నీ తెలియాలి. ఇంత బంగారం పెట్టుకుని, నొక్కగానే తగిలే ఆయుధం పెట్టి అంతా పారబోసుకుంటున్నారు. ఇది చెబితే మా వాడు "అయితే కథంతా మళ్లీ రాయాలా?" అని నీరసపడ్డాడు గానీ, ఆ రాత్రి పన్నెండున్నరకి "అంగారకుడి మీద కూడా పొగమంచు ఉంటుందా మావయ్యా" అని మెసేజ్ పెట్టాడు. ఉంటుంది, పల్చగా.

మనవాళ్లకి ఇదేం కొత్త కాదు. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఒక్కసారే పనికొస్తుంది. అర్జునుడి కోసమని దాచుకున్నాడు. రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు మీదపడి తొక్కేస్తుంటే కౌరవులంతా ఇప్పుడే వెయ్యమని మొత్తుకున్నారు, వేసేశాడు. పాండవులు పిల్లాడు పోయాడని ఏడుస్తుంటే కృష్ణుడు ఒక్కడే సంతోషించాడు. ఆ "ఒక్కసారే" అన్న చిన్న షరతు తీసేసి చూడండి, ఆ రాత్రికి రాత్రే కర్ణుడు మామూలు విలన్ అయిపోతాడు. అశ్వత్థామ సంగతి ఇంకా ఘోరం, అస్త్రం వెయ్యడం వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు. అర్జునుడు తీసుకున్నాడు, ఈయన తీసుకోలేక చివరికి ఉత్తర గర్భం మీదికి వదిలాడు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకి బ్రేకర్ (లైనుకి కరెంటు వదిలే పెద్ద స్విచ్చు) వెయ్యడం ఒక్క పూటలో వస్తుంది, ఎప్పుడు వెయ్యకూడదో తెలియడానికే ఏళ్లు పడుతుంది.

పెద్ద ఆయుధాలు అసలు వద్దని కాదు నేననేది. హెచ్.జి. వెల్స్ 1898 నవలలో అంగారకుల వేడికిరణం ముందు ఇంగ్లండు ఫిరంగులు దాదాపు ఎందుకూ పనికిరావు, అయినా చదువుతాం, ఎందుకంటే ఆయన కిరణాన్ని వదిలేసి రోడ్డు మీద పారిపోయే జనం వెంట నడిచాడు. చివర్లో వాళ్లని సూక్ష్మజీవులు చంపడం కొంచెం తొండాటే అని నాకు ఇప్పటికీ ఒక అనుమానం, అది వేరే సంగతి. స్టార్ వార్స్ 1977 సినిమాలో ఒక గ్రహం పేలిపోతుంది, క్షణంలో. అదీ పనిచేసింది. కానీ అదే మత్తు మందై కూర్చుంది. అదే వరసలో 2015 సినిమాలో ఒకేసారి కొన్ని గ్రహాలని పేల్చారు, 2019కి వచ్చేసరికి ఓడల దండు మొత్తానికి తలా ఒక గ్రహాల తుపాకీ తగిలించారు. డోసు పెంచేకొద్దీ నాకైతే ఆవలింతలు వచ్చాయి. 'డ్యూన్' నవల రాసినాయన 1965లోనే దీనికో విరుగుడు కనిపెట్టాడు. మనుషుల చుట్టూ ఒక కవచం పెట్టాడు, దానికి లేజర్ తగిలితే కొట్టినవాడూ కొట్టించుకున్నవాడూ కలిసి పేలిపోవచ్చు, అందుకని అంతరిక్షంలో తిరిగే మనుషులు కూడా కత్తులు పట్టుకుని తలపడాల్సిందే. "అయితే వాళ్లూ బొబ్బిలోళ్లేనన్నమాట" అన్నాడు మా మేనల్లుడు.

పేలిన మర్నాడు పొద్దున ఎలా ఉంటుందో ఎవరూ రాయరు, అదొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం మీద పడ్డప్పుడు మమ్మల్ని పలాస వైపు డ్యూటీకి పంపారు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి పరిచినట్టు పడున్నాయి. స్తంభం పాతడానికి ఒక తోటలో దారి చేస్తుంటే ఆ ఇంటి ముసలమ్మ మా వెనకే నడుస్తూ, కరెంటు ఎప్పుడొస్తుందని అడగలేదు, పడిపోయిన చెట్లని ఒక్కొక్కటీ చూపించి ఇది నా పెనిమిటి పాతింది, ఇది నా పెద్దకోడలు కాపరానికొచ్చిన యేడు పాతింది అని చెప్పుకుంటూ వచ్చింది. మేం రంపం ఆపి నిలబడ్డాం. మీ కథల్లో గ్రహం పోతే అరపేరా కూడా రాయరు.

ఇంక నా పనిలోంచి ఒక్క రాత్రి చెప్పి ఆపేస్తాను. లైను మీద ఎవరైనా పనిచెయ్యాలంటే ముందు మా దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి, ఎల్‌సీ అంటాం. నేను బ్రేకర్ ఓపెన్ చేసి, పుస్తకంలో టైమూ పేరూ రాసి, ప్యానెల్‌కి బోర్డు తగిలిస్తాను. తీసుకున్న మనిషే పని అయిందని తిరిగి చెప్పాలి, అప్పటిదాకా దేవుడొచ్చి అడిగినా లైను చార్జ్ చెయ్యకూడదు. ఒక వానాకాలం రాత్రి మా లైన్‌మన్ జంపర్ (స్తంభం మీద తీగల్ని కలిపే చిన్న ముక్క) తెగిందని ఎల్‌సీ తీసుకుని వెళ్లాడు. అరగంటన్నాడు. గంటయింది. ఫోన్ స్విచ్ఛాఫ్. ఇంకో పక్క ఊళ్లోంచి ఒకటే ఫోన్లు, పెళ్లింట్లో చీకటట, వంట సగంలో ఉందట, ఒకాయనైతే నా ఉద్యోగం ఊడబీకిస్తానన్నాడు. ఇంకొకాయన చాలా నెమ్మదిగా "మీ వోడు ఇందాకే దిగిపోనాడు బాబూ, నా కళ్లతో చూసినాను, యేసీ" అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నా చెయ్యి స్విచ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది, రెండుసార్లు. నలభై నిమిషాల తర్వాత గేటు దగ్గర బండి చప్పుడైంది. తడిసి ముద్దయి అతనే వచ్చాడు, జేబులోంచి ఫోన్ తీస్తే నీళ్లు కారాయి. ఒక స్తంభం దిగాడట, నిజమే, కానీ పక్కదాని మీద కూడా పని కనిపించి మళ్లీ ఎక్కాడట. "యెయ్యలేదు కదా?" అన్నాడు. లేదన్నాను. ఇద్దరం టీ తాగాం. 11 కేవీ లైను, ఒక్క మనిషి. మీ అనుబంధంలో నాలుగు వారాల్లో పోయిన కోట్ల మందిలో ఒక్కరి కోసం కూడా నాకు అలా చెమట పట్టలేదు.

ఇదే షిఫ్టు ఇంకా పెద్ద కుర్చీలో చేసిన మనిషి ఉన్నాడు. 1983 సెప్టెంబరు 26, అర్ధరాత్రి దాటింది. మాస్కోకి దక్షిణంగా ఒక బంకర్‌లో స్తానిస్లావ్ పెత్రోవ్ అనే సోవియట్ అధికారి డ్యూటీలో ఉన్నాడు. అమెరికా క్షిపణి వదిలిందని ఉపగ్రహం అలారం మోగించింది. తర్వాత ఇంకొకటి, చివరికి ఐదు. పైవాళ్లకి దాడి మొదలైందని చెప్పాలా, అలారం తప్పని చెప్పాలా? నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు మాత్రమే ఎందుకు వదులుతాడు అనుకున్నాడు, రాడార్లలోనూ ఏమీ కనపడలేదు, అలారం తప్పని చెప్పాడు. తప్పే, మబ్బుల మీద పడ్డ ఎండని ఉపగ్రహం క్షిపణుల మంట అనుకుంది. ప్రపంచాన్ని బూడిద చేసే ఆయుధాలన్నీ ఆ కథలో ఉన్నాయి, ఒక్కటీ పేలలేదు, ఒక మనిషి చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు, అంతే. నేనైతే ఆ రాత్రి గురించి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

మా మేనల్లుడు తుపాకీ మార్చేశాడు. ఇప్పుడది నగరమంత ఉంది, చార్జ్ అవడానికి పదకొండు రోజులు పడుతుంది, ఆ పదకొండు రోజులూ రాజధానిలో కరెంటు కోత. కోత ఏ పేటకి ఎప్పుడో రాసే గుమస్తా ఒకామె కథ అది. లోడ్ రిలీఫ్ (అదే, కోత) ఎలా ఇస్తారు, ఆస్పత్రి ఫీడర్‌ని ఎలా వదిలేస్తారు అని రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. అయ్యాక మీకు పంపుతాడు, బాగోకపోతే మొహమాటపడకుండా చెత్తబుట్టలో వెయ్యండి.

సూర్యుణ్ణి ఆర్పేసిన రచయిత గారికి మాత్రం నా తరఫున ఒక విన్నపం చేరవెయ్యండి. ఆయన ఆర్పాక కూడా 8 నిమిషాల 20 సెకన్ల దాకా ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. బొబ్బిలిలో బట్టలు ఆరేసేవాళ్లు ఆరేస్తుంటారు, రాజాం బస్సు కోసం జనం నిలబడి ఉంటారు. ఆ ఎనిమిది నిమిషాలు రాసి పంపమనండి. అది గనక మీరు వచ్చే వారం వేస్తే నేను టీ పందెం ఓడిపోతాను, పర్వాలేదు, డబ్బులు ఇప్పుడే పక్కన పెట్టాను.

ఇట్లు,
ఒక షిఫ్ట్ ఆపరేటర్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా